ఒక్కతే

"పక్కకు చూడకే స్రవ్యా. గోడను చూడు."

కోచ్ రూప ఈతకొలను గట్టు మీద నడుస్తూ అరిచింది. నీళ్లలో ఉన్న పిల్లకు ఆ మాట వినపడదని ఆమెకూ తెలుసు. అయినా అరవకుండా ఉండలేకపోయింది.

స్రవ్య మళ్లీ పక్కకే చూసింది. గాలి కోసం తల తిప్పిన ప్రతిసారీ ఆ పిల్ల చూపు చివరి లేన్ మీదికే పోతోంది.

చివరి లేన్‌లో రుక్మాబాయి ఈదుతోంది.

పురానాపూల్ దగ్గరి ఆ పాత ఈతకొలనులో పొద్దున పూట ఆడపిల్లల టీమ్‌కు ప్రాక్టీసు. టికెట్ కొనుక్కుని పెద్దవాళ్లూ దిగవచ్చు. అలా దిగేది రుక్మాబాయి మాత్రమే. నలభై దాటిన మనిషి. ధూల్‌పేట్ నుంచి వస్తుందని ఎవరో అన్నారు. ఇంట్లో హిందీ మాట్లాడే మనిషి కాబట్టి తెలుగు సరిగ్గా రాదు. "నేను పోతది, రేపు వస్తది" అంటుంటే పిల్లలు మొహాలు తిప్పుకుని నవ్వేవారు.

టీమ్ మొత్తానికి స్టేట్ సెలక్షన్ ఆశ స్రవ్య మీదే. మిగతా పిల్లలు సగం దూరంలో ఉండగానే ఆమె గోడ ముట్టి తిరిగి వచ్చేసేది. రూప హాస్టల్ గదిలో పడుకున్నా ఆ పిల్ల గురించే ఆలోచించేది. ఆలోచించడానికి ఆమెకు ఇంకెవరూ లేరు.

ఈ మధ్య స్రవ్య వేగం పెరుగుతూ వస్తోంది. పిల్లల్ని ఏడిపించి చేయించిన ప్రాక్టీసుకు ఫలితం దక్కిందని రూప మురిసిపోయింది. ఇక ఆ పక్కచూపు ఒక్కటీ మానిపించాలి.

టీమ్‌లోని స్వీటీ గోడ పట్టుకుని రొప్పుతూ అంది.

"మేడమ్, ఆంటీ స్రవ్యతోని రేస్ పెట్టుకున్నది. ఇది ఆగితే ఆమె ఆగుతది. ఇది ఉరికితే ఆమె ఉరుకుతది."

"నీ నోరు ఉరికినంత జోరుగ కాళ్లు ఉరికితే మెడల్ నీకే వచ్చుండే. పో, ఇంకో రౌండ్."

పిల్లలు నవ్వారు. రూప నవ్వలేదు.

ప్రాక్టీసు అయ్యాక రుక్మాబాయి దగ్గరికి వెళ్లింది.

"చిన్న పిల్లతోని పోటీ ఏంది అక్కా?"

"పోటీ కాదు బేటీ."

"మరేంది?"

రుక్మాబాయి తల తుడుచుకుంటూ మాటల కోసం వెతుక్కుంది.

"ఒక్కతే ఈదుతది. చాలా ఒక్కతే. మనసు పట్టదు."

'ఒక్కదాన్నే ఈదుత' అనడం రాక అట్లా అంటోందని రూప అనుకుంది. ఒక్క క్షణం జాలేసింది. తనలాంటిదే ఈమె కూడా. కానీ సెలక్షన్ దగ్గర పడింది.

"ఫికర్ చెయ్యకు అక్కా. పిల్లలు పోయినంక రా. పూల్ అంతా నీదే."

"పిల్లలు పోయినంక ఏం చేస్తది నేను?"

"అది కాదక్కా. స్రవ్య గోడను చూస్తలేదు, నిన్నే చూస్తున్నది. నీతోని పిల్ల ఆట ఖరాబైతది."

రుక్మాబాయి బట్టలు మార్చుకోవడానికి పోతున్న స్రవ్య వైపు చూసింది.

"నాతోని ఖరాబైతదా?"

"అయితది."

"అయితే రాదు నేను."

మర్నాటి నుంచి ఆమె రాలేదు.

స్రవ్య చూపు గోడ మీదికి తిరిగింది. వేగం మాత్రం పెరగలేదు. రూప రౌండ్లు పెంచింది. పిల్ల కిక్కురుమనకుండా ఈదింది.

సెలక్షన్ రోజున సగం దూరం దాకా అందరికన్నా స్రవ్యే ముందుంది. తర్వాత చేతులు మెల్లబడ్డాయి. వెనకున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు దాటిపోయారు. పేర్లు చదివినప్పుడు ఆమె పేరు రాలేదు.

"ఏమైందే? ముందలనే ఉంటివి గదా," అంది రూప.

"నా ముందల ఎవ్వరు లేరు మేడమ్. ఒక్కదాన్నే అయిపోయిన."

"ముందల ఎవ్వరు లేకపోతేనే గదనే గెలిచేది."

స్రవ్య టవల్ అంచు నలుపుతూ నిలబడింది.

"మన కాడ రుక్మా ఆంటీ కాళ్లు కనపడుతుండె. అందుకుంటున్న అనంగనే జరంత ముందుకు పోతుండె. నేను అలిసిపోతే మెల్లగైతుండె. నన్ను ఇడిసిపెట్టి ఎప్పుడు పోలే."

రూపకు రుక్మాబాయి మాటలు గుర్తొచ్చాయి.

తన గురించి చెప్పుకునేటప్పుడు రుక్మాబాయి తెలుగు ఎంత తప్పైనా అందులో 'నేను' ఉండేది. ఆ రోజు 'ఒక్కతే' అన్నప్పుడు లేదు. ఆమె అన్నది తన గురించి కాదు.

మర్నాడు గేటు దగ్గర టికెట్లిచ్చే అంజన్నను అడిగింది.

"అన్నా, రుక్మాబాయి ఇల్లెక్కడ?"

"ఏమో మేడమ్. టికెట్ తీస్కుంటుండె, ఈదుతుండె, పోతుండె. ఏడుంటవమ్మా అని మనమెవ్వరం అడగలే."

"ధూల్‌పేట్ గదా?"

"ధూల్‌పేట్‌ల రుక్మాబాయి అంటే గల్లీకొక్కతి ఉంటది మేడమ్."

రూప లోపలికి వచ్చింది. చివరి లేన్‌లో నీళ్లు కదలడం లేదు. స్రవ్య మెట్ల మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకుంది. రూప వెళ్లి పక్కన కూర్చుంది. విజిల్ వేయలేదు.

"ఆంటీ నీతోని ఎప్పుడన్న మాట్లాడిందా?"

"ఒక్కసారే మేడమ్. నాకు ఈత నేర్పుతున్నవా ఆంటీ అని అడిగిన."

"ఏమన్నది?"

"'నేర్పేది మీ మేడమ్, నేను ఉత్తగ తోడు ఉంటది' అన్నది."