మరమనిషికి సున్నా

ముసలివాళ్ల మతిమరుపు పరీక్షించే మరమనుషులు ఊరూరా తిరుగుతున్న రోజుల్లో ఒకటి పలాస వచ్చింది. జీడిపప్పు కార్ఖానాలో నలభై ఏళ్లు పనిచేసిన ఎర్రయ్యమ్మకి బొమ్మ చూపించి, "ఇదేంటి?" అంది.

"కర్ర."

"గోల్ఫ్ కర్ర. మర్చిపోయారు," అని సున్నా వేసింది. తర్వాత చూపించిన పియానో బొమ్మకీ సున్నాయే. ఇంకో సున్నా పడితే వృద్ధాశ్రమానికి తీసుకుపోతారు. కోడలు దమయంతికి ఒళ్లు మండింది.

"మా అత్త అవెప్పుడు సూసిందని మర్చిపోడానికి? నువ్వడుగత్తా!"

ఎర్రయ్యమ్మ పచ్చి జీడిగింజ చూపించి, "ఇదేటి?" అంది.

"మూత్రపిండం," అంది మరమనిషి.

అత్తాకోడళ్లు పడీపడీ నవ్వారు. మరమనిషి నిజాయితీగా తనకే సున్నా వేసుకుంది. సాయంత్రానికల్లా దాన్ని చూసుకోడానికి ఇంకో మరమనిషి దిగింది.

ఎర్రయ్యమ్మ రెండింటినీ కూర్చోబెట్టి గింజలు కొట్టడం నేర్పింది. మధ్యలో కోడలివైపు తిరిగి, "నీ పేరేటమ్మా?" అంది.

"దమయంతి," అని నవ్వి, కోడలు అందరికీ టీ పెట్టింది.