చివరి ఇంటి కుళాయి

“ఈ ఇంట్లో నీకున్న కష్టమేంటో ఒక్కటి చెప్పు కుసుమా” అన్నాడు శ్రీరామమూర్తి, వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి.

“ముందు తప్పుకోండి. కూర మాడుతోంది.”

“మాడకుండా చూసే పరికరాలు వచ్చేశాయి. కొత్తది చెప్పు.”

“నాకే కష్టమూ లేదు” అంది కుసుమకుమారి.

దిల్‌సుఖ్‌నగర్‌లో అతని మిక్సీ రిపేరు షాపు సకల జనుల సమ్మెలో మూతపడింది. చేతికి పని లేకపోతే బుర్ర ఊరుకోదు కదా. ఆడవాళ్ల ఇంటి కష్టం ఒకటి పట్టుకుని, దానికో పరికరం కనిపెట్టేస్తే దశ తిరుగుతుందనుకున్నాడు. ఎల్బీనగర్‌లో వాళ్లుండే సందులో గడప గడపకూ వెళ్లి అడిగాడు. కోటేశ్వరమ్మ బల్లులంది. ఈరమ్మ అల్లుడంది. అల్లుళ్లకు పరికరం చేయడం అతని వల్ల అయ్యే పని కాదు. పక్కింటి ముత్తమ్మ మాత్రం పనికొచ్చే మాట చెప్పింది.

“నల్లా ఎప్పుడొస్తదో ఎరుకలేదన్నా. నిద్రలేచి చూసేసరికి సగం అయిపోతది. గది చెప్పే మిషిన్ చెయ్యరాదు జర.”

ఆ మాట అతని మనసులో నాటుకుంది.

“రోజు విడిచి రోజు తెల్లారకముందే లేచి, కుళాయి దగ్గర పీట వేసుకుని కూర్చుంటావు. అది కష్టం కాదా?” అన్నాడు భార్యతో.

కుసుమ చేతిలో గరిటె ఆగింది.

“అది నా అలవాటు. దాని జోలికి మాత్రం రాకండి” అంది.

పెళ్లాం వద్దన్న పని మీదే కొందరు మొగుళ్లకు మమకారం ఎక్కువ. పైగా అతనికి ఆమెను చూస్తే నిజంగానే జాలేసింది. సమ్మె మొదలయ్యాక నీళ్ల ట్యాంకర్లు రావడం లేదు. వాళ్లది సందులో చిట్టచివరి ఇల్లు. మోటారు పెట్టుకోవడానికి ఇంటి ఓనరు ఒప్పుకోడు. ముందున్న ఇళ్లవాళ్లంతా గొట్టానికి మోటార్లు తగిలించి లాగేస్తుంటే, కుసుమ ఎలాగో రెండు బిందెలు పట్టేది. తాగడానికీ వండడానికీ ఆ ఇంట్లో ఉన్నవి ఆ రెండు బిందెలే. నీ చెయ్యి మంచిదమ్మా అనేవాళ్లు సందులో వాళ్లు.

ఆమె కొత్తపేట రైతుబజారుకు వెళ్లిన సాయంత్రం శ్రీరామమూర్తి పని కానిచ్చేశాడు. కుళాయి మూతికి చిన్న రేకు ముక్క, దానికో తీగ, పాత స్కూటర్ బ్యాటరీ, ఆటో హారన్. ఏ కాస్త కదలిక వచ్చినా హారన్ మోగి తీరాలి. ఇక కుసుమ హాయిగా పడుకోవచ్చు. పొద్దున్నే ఆమె మొహం ఎలా వెలిగిపోతుందో తలుచుకుంటూ నిద్రపోయాడు.

చీకట్లో కుసుమ పీట వేసుకుని కూర్చుందో లేదో, హారన్ అందుకుంది. చచ్చినవాళ్లు లేచేలా మోగింది. కుక్కలు మొరిగాయి. సందంతా దీపాలు వెలిగాయి. ఒకదాని వెనక ఒకటి మోటార్లు గుర్రుమన్నాయి. కుళాయి కాసేపు బుస్సుమని గాలి వదిలి, ఆ తర్వాత అదీ మానేసింది. బిందెలో చుక్క పడలేదు.

గోడ మీంచి ముత్తమ్మ తల కనిపించింది.

“ఏం పని చేసినవన్నా. నీళ్లు రాకముందుగాలనే లేపింది నీ హారన్. మా డ్రమ్ములు గూడ నిండినయి.”

శ్రీరామమూర్తి ఛాతీ పొంగింది. ఆ పొంగులోనే వెనక్కి తిరిగి చూస్తే, కుసుమ ఖాళీ బిందె ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది.

“గొట్టంలోకి నీళ్లు బయల్దేరితే ముందు గాలి చివరింటికి తోసుకొస్తుందండి” అంది లోపలికి వచ్చాక. “ఆ బుస వినేది నేనొక్కదాన్నే. వీళ్లంతా లేచి మోటార్లు వేసేలోపు నా రెండు బిందెలూ నిండేవి.”

“నాకొక్క మాట చెప్పొచ్చుగా.”

“మీకు చెప్తే మైకులో చెప్పినట్టే.”

మంచి చేయబోయి భార్య నోటి దగ్గర నీళ్లు తీసేశాడు. సిగ్గుతో చచ్చిపోతూ హారన్ పీకి అటక మీద పడేశాడు. మళ్లీ నీళ్ల వంతు వచ్చేదాకా ఇంటింటికీ చెంబు పట్టుకుని తిరిగి నెట్టుకొచ్చారు. కోటేశ్వరమ్మ చెంబు నింపింది గానీ, రెండోసారి వెళ్లేసరికి తలుపు తీయలేదు.

వంతు వచ్చిన తెల్లవారుజామున శ్రీరామమూర్తి కూడా లేచి పీట పక్కన కూర్చున్నాడు. దీపం వేయలేదు. సందులో ఎక్కడా అలికిడి లేదు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు.

కుళాయి సన్నగా బుసకొట్టింది.

కుసుమ అతని చెయ్యి నొక్కి, చప్పుడు కాకుండా బిందె జరిపింది. రెండు రోజుల తర్వాత ఆమె మొహంలో నవ్వు కనిపించింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

గోడ అవతల ఎవరో సన్నగా దగ్గారు. ముత్తమ్మ. పీట వేసుకుని, గోడకు చెవి ఆనించి కూర్చుంది.

“హారన్ తీసేసిండని బాధపడకక్కా. గాలి ముందుగాల మీ నల్లాకే ఒస్తదని మొన్ననే ఎరుకైంది” అని ప్రేమగా చెప్పి, ఆమె సందు వైపు తిరిగి గట్టిగా కేకేసింది. “ఒస్తున్నయి, అందరు మోటర్లెయ్యుండ్రి.”