కొండ మీది సంతకాలు

"పెన్నివ్వు, బక్కోడా!" శిఖరం మీది రేకుడబ్బా మూత తీస్తూ మొగుణ్ణి అడిగింది హసింతా. పైకెక్కిన ప్రతివాళ్లూ అందులోని నోటుబుక్కులో పేరూ తేదీ రాసి దిగడం శాంటియాగో ఊరివాళ్ల అలవాటు.

"ఇప్పుడదెందుకు? గాలి పెరుగుతోంది, దిగుదాం" అన్నాడు గాస్టన్ కంగారుగా.

"మూడు నెలలకి లైబ్రరీ వదిలి నాతో కొండెక్కావు. రాసుకోనీ! శుక్రవారం నువ్వు థీసిస్ ఇచ్చేదాకా మళ్లీ రాముగా."

పేజీ తిప్పింది. సోమవారం, గాస్టన్. మంగళవారం, గాస్టన్. వెనక్కి తిప్పినకొద్దీ అదే చేతిరాత. పొద్దున్నే రొట్టె పొట్లం కట్టి, లైబ్రరీకని తను సాగనంపిన రోజులన్నీ అక్కడున్నాయి.

"ఎన్ని అధ్యాయాలయ్యాయి?"

"ఒక్కటీ కాలేదు." అతను కొండ అంచున, ఆమెకు వీపు పెట్టి నిలబడ్డాడు. కింద లోయ నిండా మబ్బు. "ఇక్కడైతే తల తేలిగ్గా ఉంటుంది, బొద్దమ్మా. రోజూ ఈ రాయి మీదే నిలబడతాను. రోజుకో అడుగు ముందుకి."

థీసిస్ పేరుతో ఈ నాలుగేళ్లూ ఏం చేశావని అరవబోయి ఆగింది. అతని బూట్ల ముందు ఇక రాయి లేదు.

"బక్కోడా, నా కాలు పట్టేసింది" అంది, ఎప్పుడూ విసుక్కునే గొంతు తెచ్చుకుని. "లేవలేకపోతున్నా. వచ్చి చెయ్యివ్వు."

కాలికేమీ కాలేదు. కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాచింది.

అతని ఒక బూటు వెనక్కి జరిగింది. రెండోది ఇంకా కదల్లేదు.