జానెడెత్తు ఛార్జింగ్

ఊళ్లో ప్రతి నేల కిందా తీగచుట్టలు పరిచి ఇరవయ్యేళ్లయింది. ఫోనుకి వైరు అక్కర్లేదు. నేలకి జానెడెత్తులో పట్టుకుంటే దానంతటదే ఛార్జి అవుతుంది. అందుకని ఊరంతా గొంతుక్కూర్చునే ఉంటుంది. బ్యాంకులోనూ అంతే, బస్టాపులోనూ అంతే, పెళ్లిపందిట్లోనూ అంతే. ఎందుకిలా అని అడిగినవాడు లేడు. మోకాళ్ల డాక్టర్లు మాత్రం మేడ మీద మేడ వేసుకున్నారు.

ఈ మధ్యే తన తల్లికి రెండు మోకాళ్లూ మార్పించాక, ఇంజనీరింగ్ ఆఖరి ఏడు చదువుతున్న శర్వాణి ఆ చుట్టల అయస్కాంత క్షేత్రాన్నే ప్రాజెక్టుగా తీసుకుంది. సీనియర్ల రికార్డు చూసి దించకుండా సొంతంగా లెక్కగట్టింది. ఆ కాలేజీలో అలా చేసిన మొదటి మనిషి ఆమే.

వైవా రోజున పరీక్షకుడు పట్టాభిగారు ట్యాబు ఛార్జింగు కోసం గొంతుక్కూర్చున్నారు. ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుంది.

“చుట్ట వ్యాసార్థం యాభై సెంటీమీటర్లు ఉండాలి సార్. పాత రికార్డులో ఎవరో అయిదని రాశారు. ఏటా అందరూ అదే దించారు. దించినవాళ్లే ఇంజనీర్లయి ఊరంతా అదే పరిచేశారు. ఆ సున్నా పెట్టుంటే క్షేత్రం నడుం ఎత్తుదాకా అందేది, అందరం నిలబడే ఛార్జి చేసుకునేవాళ్లం.”

పట్టాభిగారి మొహం మాడిపోయింది.

“ఆ మొదటి రికార్డు ఎవరిదో తెలుసా?”

“తెలీదు సార్.”

“నాదే. దానికి కాలేజీ ఫస్టు ఇచ్చారు.”

ఆయన మార్కులు వేసి ట్యాబు ఆమె వైపు తిప్పారు. యాభైకి అయిదు.

“సార్, ఇక్కడా సున్నా పోయినట్టుంది.”

“అలవాటైపోతుందిలే,” అంటూ ఆయన లేవబోయి, లేవలేక చెయ్యి చాపారు. “కాస్త పట్టుకుని లేపమ్మా.”