చప్పుడు లేని ఫ్యాన్లు

అమెరికాలోని డులూత్‌లో మంచు మా బేస్‌మెంట్ కిటికీని సగందాకా కప్పేసిన రాత్రి అది. కథల పుస్తకాలు చదివి రికార్డు చేసే మా లోర్నా అక్కకు కంప్యూటర్ సిద్ధం చేస్తున్నాను. పాత ఫ్యాన్ల రొదకు ఆమె పనే పోయేలా ఉంది. అందుకే ఈసారి పెద్దవి ఎంచుకున్నాను. పెద్ద ఫ్యాను మెల్లగా తిరిగినా గాలి చాలు.

స్విచ్ వేశాను. తిరుగుతున్నాయి, చప్పుడే లేదు! కంప్యూటర్ పెట్టె ముందు టిష్యూ కాగితం ముక్క వేలాడదీస్తే, జాలీకి టక్కున అతుక్కుంది. ఎగిరి గంతేయాలనిపించింది. అక్కకు ఫోన్ చేసి, స్పీకర్ వేసి, ఫోన్‌ను పెట్టె పక్కనే ఉంచి వినమన్నాను.

"ఏదో గాలి చప్పుడు వస్తోందిరా ఎర్ల్. ఓసారి ఆపు."

అవతలి గోడ దగ్గరికెళ్లి ప్లగ్గు పీకేశాను. ఫ్యాన్లు ఆగిపోయాయి. కాగితం మాత్రం జాలీని వదిలి ముందుకు ఊగింది, మళ్లీ అతుక్కుంది. ఫ్యాను గాలి ఒకవైపే పోతుంది. ఇది వస్తోంది, పోతోంది, సరిగ్గా నా ఊపిరిలాగే.

ఆ గోడ దగ్గరే నిలబడి ఊపిరి బిగబట్టాను. కాగితమూ ఆగింది.

"ఆఁ, ఇప్పుడు అదిరిందిరా!" అక్క సంబరంగా అరిచింది. "పొద్దున నేనొచ్చేదాకా అలాగే ఉంచు!"