మోకాలి లోతు

"నీళ్లంటే భయం అన్నా. కాస్త తోడు దిగుతారా?"

నిజాంపట్నం ఒడ్డున చిరిగిన వల బాగుచేస్తున్న జమలయ్య తలెత్తాడు. ఎవరో కొత్త కుర్రాడు. ప్యాంటు పైకి మడిచి నిలబడ్డాడు.

"నేను దిగను. ఇంకెవర్నన్నా అడుగు."

చలికాలంలో బాపట్ల తీరానికి దగ్గర్లో జమలయ్య పడవ తిరగబడింది. కళ్లు తెరిచేసరికి ఆస్పత్రిలో ఉన్నాడు. తమ్ముడు మాత్రం దక్కలేదు. అప్పటి నుంచి జమలయ్య సముద్రంలో కాలు పెట్టలేదు.

మరుసటి వారం కుర్రాడు మళ్లీ వచ్చాడు. పేరు దేవసహాయం అన్నాడు.

"ఇంత భయమున్నోడివి ఇక్కడికెందుకొస్తావయ్యా?" విసుక్కున్నాడు జమలయ్య.

"భయం పోవాలి గదన్నా."

ఒంటరిగానే అలల్లోకి నడిచాడు. పాదాలు తడిశాయో లేదో, వణుకుతూ బిగుసుకుపోయాడు. ఎదురుగా పెద్ద అల.

"వెనక్కి రా!" అరిచాడు జమలయ్య.

కుర్రాడు కదల్లేదు.

జమలయ్య వల పడేసి పరుగెత్తాడు. అతని చెయ్యి పట్టుకున్నాడు. అల ఇద్దర్నీ తడిపేసి వెళ్లింది.

అప్పుడు చూసుకున్నాడు, తాను మోకాలి లోతు నీళ్లలో ఉన్నాడని.

ఆపైన వారం వారం ఇంకాస్త లోపలికి వెళ్లారు. ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు.

"మా తమ్ముడు నీళ్లలో దిగితే ఒక పట్టాన బయటికొచ్చేవాడు కాదు," అన్నాడు ఒకరోజు జమలయ్య. తమ్ముడి మాట ఎత్తడం అదే మొదలు.

దేవసహాయం తల తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

వేట నిషేధం ముగియగానే జమలయ్య మళ్లీ పడవెక్కాడు. తిరిగొచ్చేసరికి భార్య కనకదుర్గ నవ్వుతూనే ఏడ్చేసింది.

దేవసహాయం మాత్రం మళ్లీ రాలేదు.

"పాపం, మధ్యలోనే మానేశాడు," అని జాలిపడ్డాడు జమలయ్య.

కొన్నాళ్లకు పనిమీద సూర్యలంక వెళ్తే తీరంలో ఒకటే కేకలు. కాలేజీ పిల్లాడెవరో కొట్టుకుపోతున్నాడు. ఒకతను అలలు చీల్చుకుంటూ వెళ్లి ఒడ్డుకు లాక్కొచ్చాడు.

దేవసహాయం!

"అతనికి నీళ్లంటే భయం కదమ్మా?" అన్నాడు జమలయ్య, పక్కనే టీ కాస్తున్న ఏసమ్మతో.

"భయమేంటండి, ఇక్కడ గజ ఈతగాడు. కాకపోతే చలికాలంలో నిజాంపట్నం పడవ తిరగబడింది చూశారా, అన్నని ఒడ్డుకు చేర్చి తమ్ముడి కోసం మళ్లీ వెళ్లాడు. అందలేదు. అప్పట్నుంచి నీళ్లు చూస్తేనే వణికిపోయేవాడు."

ఆమె టీ గ్లాసు అందించింది.

"చివరికి ఆ అన్నే చెయ్యి పట్టుకుని మళ్లీ నీళ్లలోకి దింపాడంటండీ."