ఆఖరి నిమిషంలో సిద్దిరాములు

గెలుపో ఓటమో తేలే ఆఖరి నిమిషంలో కబడ్డీ ఆటగాడి లోపల ఏం జరుగుతుంది? మమతారాణి పీహెచ్‌డీ ఈ ఒక్క ప్రశ్న దగ్గర కూలబడింది. ఈ నెలలో ఆ అధ్యాయం రాకపోతే రిజిస్ట్రేషన్ రద్దేనని గైడు తేల్చి చెప్పాడు.

కరీంనగర్ కాలేజీలో సెలవు పెట్టి ఆదిలాబాద్ టోర్నమెంటుకు వచ్చింది. ఆటగాళ్లు దిగిన హాస్టల్ వరండాలో ఫోను రికార్డరు పెట్టుకుని కూర్చుంది. మ్యాచ్‌లకు మాత్రం వెళ్లలేదు. ఆట చూస్తే పరిశోధకురాలి దూరం చెడుతుందని ఆమె నమ్మకం.

వచ్చినవాళ్లేమో నోరు విప్పరు.

"ఏముంటది మేడం. కూతకు పోతం, వస్తం. పట్టుకుంటె అవుటయితం," అన్నాడు మెట్‌పల్లి జట్టు కెప్టెన్ అంబదాస్, మోచేతి మీది మట్టి గీరుకుంటూ.

'భావ వ్యక్తీకరణ శూన్యం' అని రాసుకుంది.

అప్పుడు దొరికాడు, అదే జట్టు సిద్దిరాములు. ఉతికిన జెర్సీ, దువ్విన తల. ఏ తొందరా లేదు. అడక్కముందే ఎదురుగా కూర్చున్నాడు.

"ఆఖరి నిమిషంల ఎట్లుంటది తమ్మీ?"

"నోరు ఎండుకపోతది మేడం. కాళ్లు తిమ్మిరెక్కుతయ్. కోచ్ సారు మెడ జర ఇటు తిప్పితె సాలు, పానం గొంతులకొస్తది."

"ఓడిపోతే?"

"అందరు ఏడుస్తరు. నేను ఏడ్వ. నాకేం హక్కున్నదని?"

మమతారాణి ఒళ్లు పులకరించింది. 'ఓటమి మొత్తం తన మీదే వేసుకున్న మనిషి' అని రాసి కింద గీత గీసింది.

"మరి గెలిస్తే?"

"ఫోటోల నిలబడ్త. అంచుకు."

'వినయం.'

లేచేటప్పుడు ఆమె భరోసా ఇచ్చింది. "థీసిస్‌ల నీ పేరు మారుస్త. నువ్వని ఎవ్వరికీ తెల్వదు. ఫికర్ చేయకు."

అతని మొహం వాడిపోయింది. "మార్చకుండ్రి మేడం. ఆటగాడని నా పేరు అచ్చుల సూస్తె మా అవ్వ సంబరపడ్తది."

నియమాలు ఒప్పుకోలేదు. థీసిస్‌లో అతను 'ధీరజ్' అయ్యాడు. అధ్యాయం గట్టెక్కింది. ఒత్తిడిని ఇంత లోపలి నుంచి చెప్పిన ఆటగాణ్ణి తాము చదవలేదని వైవాలో పెద్దలు తలలూపారు.

డాక్టర్ మమతారాణి ఒక ప్రతి చేత పట్టుకుని మెట్‌పల్లి వెళ్లింది. జీవితంలో మొదటిసారి కబడ్డీ మ్యాచ్ చూసింది. ఆఖరి నిమిషం. స్కోరు సమానం. కోర్టులో ఎంత వెతికినా తన ధీరజ్ లేడు.

"సిద్దిరాములు కనవడ్తలేడు, దెబ్బ తాకిందా సార్?" అని కోర్టు గీత పక్కన నిలబడ్డ కోచ్ విద్యాధర్‌ను అడిగింది.

కోచ్ మెడ వెనక్కి తిప్పాడు, అది చూసి, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కోర్టులో కాలు పెట్టని ఎక్స్‌ట్రా ప్లేయర్ సిద్దిరాములు, ఇవాళైనా తన పిలుపు వచ్చిందనుకుని, ఉతికిన జెర్సీ సర్దుకుంటూ బెంచీ చివరి నుంచి లేచి నిలబడ్డాడు.